పాత జీపుకు ఓవర్‌డ్రైవ్: కొనేముందు పళ్లు లెక్కపెట్టండి

మా పెద్దనాన్న కొడుకు పశువుల కొట్టంలో ఒక గోనెసంచి రెండేళ్లపాటు కదలకుండా పడి ఉండింది. లోపల ఉన్నది ఓవర్‌డ్రైవ్ అనే ఇనుప సామాను. దానికి ఆయన పెట్టింది 22 వేల రూపాయలు. ఆ ఏడు టమోటా అమ్మగా అప్పులు పోను చేతిలో మిగిలిన డబ్బు కూడా దాదాపు అంతే. కొన్న రోజున పక్కన నేనూ ఉన్నాను. కాబట్టి ఈ కథలో తప్పు సగం నాది.

ఆయనకు మదనపల్లె పక్క పల్లెలో మూడెకరాల పొలం, ఒక బోరు, ఒక పాత మహీంద్రా జీపు ఉన్నాయి. జీపు పుట్టింది పెట్రోలు ఇంజనుతో. ఎవరో ముందు యజమాని డీజిల్ ఇంజను పెట్టించాడు. మదనపల్లెలో టమోటా ధర పడిపోయిన రోజున అన్న జీపులో బాక్సులు వేసుకుని కోలారు మార్కెట్టుకు పోతాడు. తెల్లారి మూడింటికి బయలుదేరితే వేలంపాటకు అందుకోవాలి. తారురోడ్డు మీద జీపు యాభై దాటితే ఇంజను గోల పెడుతుంది. అరవైలో పక్కన కూర్చున్న మనిషి మాట వినపడదు.

"ఒరేయ్ అబ్బీ, దీనికి ఇంకో గేరు ఉంటే ఎంత బాగుండు" అని అన్న చాలాసార్లు అన్నాడు. అలాంటి ఇంకో గేరే ఓవర్‌డ్రైవ్ అని ఒక డ్రైవరు చెప్పాడు. మేమిద్దరం చెన్నై పుదుపేట పాత సామాన్ల అంగళ్లకు పోయాము.

ఇంజను ఎందుకు అరుస్తుంది?

తప్పు ఇంజనుది కాదు. జీపు పుట్టుకే అట్లాంటిది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ, ఫోర్డ్ కంపెనీ ఈ బండ్లు చేశాయి. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ వాళ్లు దాన్ని రైతుల బండిగా మార్చి సీజే-2ఏ పేరుతో అమ్మకానికి పెట్టారు. నాగలి లాగాలి, నూర్పిడి యంత్రం తిప్పాలి, బురదలో కదలాలి అని దాని ఇరుసుల్లో 5.38 నిష్పత్తి క్రౌను, పినియను వేశారు. అంటే ప్రొపెల్లరు షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మన దేశంలో మహీంద్రా వాళ్లు బొంబాయిలో 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టి, తర్వాత సీజే-3బి రకాన్ని ఇక్కడే తయారు చేశారు. మన పల్లెల్లో కనిపించే పాత ఫోర్ వీల్ జీపులన్నీ దాదాపు ఆ వంశానివే.

లెక్క చూడండి. 16 అంగుళాల పాత సైజు టైరు ఒక చుట్టుకు సుమారు 2.27 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు 440 చుట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 440 చుట్లు తిరిగితే టాప్ గేరులో ఇంజను 2,370 చుట్లు తిరగాలి. 75లో పోతే మూడు వేలకు దగ్గర. పెట్రోలు ఇంజను దీన్ని ఓర్చుకుంటుంది. పాత డీజిల్ ఇంజనుకు ఆ చుట్లు దాని హద్దు దగ్గరికి వచ్చినట్టే. అందుకే ఆ గోల, ఆ అదురు.

ఓవర్‌డ్రైవ్ చేసే పని మన రైతులకు కొత్త కాదు. ఆయిలింజనుతో బెల్టు మీద పంపు తిప్పిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. ఇంజను వైపు పుల్లీ పెద్దది వేస్తే, ఇంజను అవే చుట్లు తిరిగినా పంపు ఎక్కువ చుట్లు తిరిగేది. కానీ ఇంజనుకు బరువు తెలిసేది. ఓవర్‌డ్రైవ్ కూడా అంతే. జీపులకు వచ్చిన యూనిట్లు ఇంజను చుట్లను సుమారు నాలుగో వంతు తగ్గిస్తాయి. అరవైలో 2,370 ఉన్నది 1,775కు దిగుతుంది. బలం మాత్రం పెరగదు. లోడుతో గుట్ట ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ తీసేయాల్సిందే. "గేరు ఇంకోటి వస్తే లాగుడు పెరుగుతుంది" అనే మాట ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పొలం పని కోసం పెట్టిన రంధ్రంలోనే

గేరుపెట్టె వెనక, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ శక్తిని పంచే ఇంకో పెట్టె ఉంటుంది. దాన్నే ట్రాన్స్‌ఫర్ పెట్టె అంటారు. పాత జీపుల్లో ఉన్నది స్పైసర్ 18 నంబరు రకం. దాని వెనక వైపు బోల్టులతో బిగించిన ఒక మూత కనిపిస్తుంది. నూర్పిడి యంత్రానికి, రంపానికి శక్తి తీసుకునే పీటీవో బిగించడం కోసం విల్లీస్ వాళ్లు ఆ దారి వదిలారు. మన ట్రాక్టరు వెనక ఉండే పీటీవో లాంటిదే. మూత తీస్తే ఎదురుగా గేరుపెట్టె నుంచి వచ్చిన షాఫ్టు, దాని మీద ఒక పళ్లచక్రం, చివర నట్టు కనిపిస్తాయి. ఓవర్‌డ్రైవ్ కూర్చునేది అక్కడే. పాత చక్రం తీసేసి, తన చక్రాన్ని ఆ స్థానంలో దూర్చుకుంటుంది. కాబట్టి పీటీవో కావాలంటే ఓవర్‌డ్రైవ్ ఉండదు, ఓవర్‌డ్రైవ్ కావాలంటే పీటీవో ఉండదు.

ఈ ఏర్పాటులో ఒక మంచి ఉంది. శక్తి ముందు, వెనక ఇరుసులకు చీలక ముందే ఓవర్‌డ్రైవ్ పని చేస్తుంది గనుక నాలుగు చక్రాలకూ ఒకే వేగం అందుతుంది. స్పీడోమీటరు వైరు ఆ తర్వాతి షాఫ్టు నుంచి వస్తుంది గనుక మీటరు కూడా తప్పు చూపదు.

అమెరికాలో ఈ యూనిట్లకు పేరు తెచ్చింది వార్న్ కంపెనీ. 1948లో ముందు చక్రాల లాకింగ్ హబ్బులతో మొదలైన ఈ కంపెనీ పేరు ఇప్పుడు వించీల మీద కనిపిస్తుంది. ఓవర్‌డ్రైవ్ తయారీ మానేసి చాలా ఏళ్లయింది. తర్వాత సాటర్న్ పేరుతోనూ అదే పద్ధతి యూనిట్లు వచ్చాయి.

ఇంగ్లండులో లాండ్ రోవర్ కథ కూడా ఇదే. మారిస్ విల్క్స్ అనే ఇంజనీరు తన పొలంలో వాడిన విల్లీస్ జీపును చూసే ఆ బండికి ఆలోచన చేశాడు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బయటపెట్టారు. దానికీ వెనక పీటీవో దారి ఉంది. 1970లలో ఫెయిరీ కంపెనీ ఓవర్‌డ్రైవ్ అక్కడే కూర్చుంది. దానికి నూనె వేరుగా పోయాలి, పట్టేది కొంచెమే. కారిపోతే ఎవరూ గమనించరు. ఆ యూనిట్లు ఎక్కువగా చెడిపోయేది నూనె ఎండిపోయే. మన దగ్గర లాండ్ రోవర్లు అరుదు గానీ, ఈ పాఠం జీపు వాళ్లకూ పనికొస్తుంది.

పుదుపేటలో జరిగింది

అంగడి మనిషి సంచిలోంచి యూనిట్ తీసి గుడ్డతో తుడిచాడు. కర్ర లాగితే టక్కున పడింది. "ఏ జీపుకైనా ఎక్కుతుంది" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. పత్రికలో రాసేవాడిని, నాకు తెలుసనుకున్నాడు. నాకూ తెలియదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. తల ఊపాను.

ఇంటికి వచ్చి మేస్త్రీతో మూత విప్పించాము. మేస్త్రీ చాక్‌పీసుతో ఒక పంటికి గుర్తు పెట్టి లెక్కపెట్టాడు. జీపులో ఉన్న చక్రానికి 26 పళ్లు. కొన్న యూనిట్ చక్రానికి 29. పక్క చక్రంతో అది కలవదు. బలవంతంగా దూర్చి తిప్పితే పళ్లు విరిగి పెట్టె పగులుతుంది. మళ్లీ చెన్నై పోతే "పాత సామాను వాపసు లేదు" అన్నారు. రసీదు లేదు, అడగడానికి బలం లేదు. సామాను గోనెసంచిలోకి, సంచి కొట్టంలోకి పోయింది. వదిన ఆ ఏడాది నాతో సరిగా మాట్లాడలేదు.

అందుకే రైతు సోదరులకు చెప్పేది ఒకటే. అంగడికి పోయే ముందు మీ జీపు మూత విప్పి చూడండి. పాత జీపుల్లో ఈ చక్రం 26 పళ్లదీ ఉంది, 29 పళ్లదీ ఉంది. బయట చూస్తే తేడా తెలియదు. షాఫ్టు మీది గాళ్లు, అదే మేస్త్రీలు స్ప్లైను అంటారు, అవి కూడా ఎన్నో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. వీలైతే పాత చక్రాన్నే ఊడదీసి సంచిలో వేసుకుని పోండి. అంగట్లో రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నోటి మాట నమ్మే పని ఉండదు.

అంతకంటే ముందు, మీ బండికి అసలు ట్రాన్స్‌ఫర్ పెట్టె ఉందా చూడండి. రోడ్ల మీద మనుషులను ఎక్కించుకు తిరిగిన జీపుల్లో చాలా వాటికి వెనక చక్రాలకే శక్తి పోతుంది. గేరు కర్ర పక్కన ఇంకో కర్ర లేకపోతే ఈ యూనిట్ కూర్చోవడానికి చోటే లేదు. తర్వాతి కాలపు మహీంద్రా బండ్లలో పెట్టె రకం మారింది కూడా. పేరు చూసి కాదు, పెట్టె చూసి నిర్ణయించాలి.

యూనిట్ దొరికాక దాన్ని పరీక్షించడం కష్టం కాదు. షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, లొడలొడ ఉండకూడదు. చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి. పళ్ల అంచులు టార్చి వేసి చూడండి, చెక్కు లేచి ఉంటే వదిలేయండి. ఒంటికి వెల్డింగు కనబడితే అంతకు ముందు ఒకసారి పగిలిందని అర్థం. కర్ర, దాని కడ్డీలు కూడా అడిగి తీసుకోండి. అవి లేకపోతే లేత్ షాపులో చేయించడానికి మళ్లీ ఖర్చు. పుదుపేట, విజయవాడ ఆటోనగర్, బెంగళూరు శివాజీనగర్ లాంటి చోట్ల పాత జీపు సామాన్లు దొరుకుతాయి గానీ, ఓవర్‌డ్రైవ్ రోజూ దొరికే సరుకు కాదు. తొందరపడితే మా గతే.

ఇరుసు నిష్పత్తి ఇంట్లోనే తెలుసుకోండి

మీ జీపులో ముందు వాళ్లు ఇరుసులు మార్చి ఉండవచ్చు. 4.88 క్రౌను ఉంటే అరవైలో ఇంజను 2,150 చుట్లే తిరుగుతుంది. అప్పుడు ఓవర్‌డ్రైవ్ వల్ల కలిగే లాభం తగ్గుతుంది. తెలుసుకునే పద్ధతి ఇది. వెనక ఒక చక్రం మాత్రమే జాకీ మీద ఎత్తండి. గేర్లన్నీ న్యూట్రలులో పెట్టండి. ప్రొపెల్లరు షాఫ్టుకు చాక్‌పీసు గీత పెట్టి, ఎత్తిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు అయిదు చుట్లూ ఇంకో మూడో వంతుకు కాస్త పైన తిరిగితే 5.38. అయిదుకు కొంచెం తక్కువైతే 4.88. నాలుగుంబావు అయితే 4.27.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత జీపుల్లో హ్యాండు బ్రేకు చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనక షాఫ్టుకు ఉంటుంది. వెనక ఒక చక్రం గాలిలో ఉంటే ఆ బ్రేకు వేసినా బండి ఆగదు, జారుతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టకుండా బండి కిందికి పోవద్దు.

కొందరు ఓవర్‌డ్రైవ్ మాని ఇరుసుల్లో క్రౌను, పినియను మార్చుకుంటారు, లేదా అయిదు గేర్ల పెట్టె పెట్టిస్తారు. మన మేస్త్రీలకు తెలిసిన పని, సామాను సులభంగా దొరుకుతుంది. అయితే ఇరుసు మారిస్తే ముందు, వెనక రెండూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకటే మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది. పైగా దుక్కిలో, బురదలో ఉండిన లాగుడు పోతుంది. ఓవర్‌డ్రైవ్‌కు ఆ నష్టం లేదు, అక్కర లేనప్పుడు కర్ర వెనక్కి లాగితే పాత జీపే.

డబ్బు లెక్క

అన్న సంగతికి వస్తాను. రెండేళ్ల తర్వాత మా మేస్త్రీకి తెలిసిన కొడగు కాఫీ తోటల వైపు మేస్త్రీ ఒకాయన దగ్గర 26 పళ్ల యూనిట్ ఉందని తెలిసింది. ఆయనకు కావలసింది 29. మార్పిడికి పైన 4 వేలు ఇచ్చాము. బిగింపు కూలి, నూనె, సీళ్లు, కడ్డీలు అన్నీ కలిపి ఇంకో 6 వేలు. మొత్తం 32 వేలు.

ఇప్పుడు అరవైలో పోతుంటే మాట వినపడుతుంది. ఇది నిజమైన సుఖం. డీజిల్ మాత్రం అనుకున్నంత ఆదా కాలేదు. అన్న నోటుబుక్కులో రాసిన ప్రకారం లోగడ లీటరుకు 10 కిలోమీటర్లు, ఇప్పుడు 11. నెలకు ఎనిమిది సార్లు, వచ్చీపోయీ 160 కిలోమీటర్ల చొప్పున 1,280 కిలోమీటర్లు. ఆదా పదకొండున్నర లీటర్లు. లీటరు 96 రూపాయల చొప్పున నెలకు 1,100 చిల్లర. ఏడాదిలో ఇలా తిరిగేది నాలుగు నెలలే. అంటే 4,500 లోపు. పెట్టిన 32 వేలు డీజిల్ రూపంలో తిరిగి రావాలంటే ఏడేళ్లు దాటుతుంది. ఇది ఒక్క జీపు లెక్క, మీ బండికి వేరే ఉండవచ్చు. కానీ పల్లె నుంచి మండల కేంద్రానికి పది, పదిహేను కిలోమీటర్లు తిరిగే రైతు దీని జోలికి పోవడం దండగ అని నా అభిప్రాయం. అప్పు తెచ్చి పెట్టడం అంతకంటే దండగ.

ఆ డబ్బుతో ముందు బ్రేకులు చూడండి. పాత జీపుల్లో ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ములు. నాలుగు చక్రాలకూ ఒకే గొట్టం వరస. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ఆ బ్రేకులతో లోడు వేసుకుని ఎనభైలో పోవడానికి ఓవర్‌డ్రైవ్ వీలు కల్పిస్తుంది, ఆపడానికి కల్పించదు. అన్నకు నేను ఈ మాట చెప్పాకే లైనర్లు, గొట్టాలు కొత్తవి వేయించాడు. టైర్లలో గాలి, చక్రాల బేరింగులు, ముందు చక్రాలకు లాకింగ్ హబ్బులు, ఇవి తక్కువ ఖర్చుతో బండిని తేలిక చేసే పనులు. కాగితాల సంగతి కూడా మరవవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించినదే. ఇంజను మార్చి ఉంటే ఆర్.సి.లో ఎక్కించారా చూడండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఓవర్‌డ్రైవ్ పెట్టే ముందే ఆర్.టి.వో. ఆఫీసులో అడిగి పెట్టుకోవడం మేలు.

బిగించేటప్పుడు

తెలిసిన మేస్త్రీకి ఒక రోజు పని. నూనె దించి, మూత తీసి, నట్టు పిన్ను లాగి నట్టు విప్పి, పుల్లరుతో చక్రం ఊడదీయాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చక్రం లాగేటప్పుడు గేరుపెట్టె లోపలి షాఫ్టు కూడా వెనక్కి జరిగి రాకూడదు. వస్తే లోపల సింక్రో, సూది బేరింగులు జారి పడతాయి, గేరుపెట్టె మొత్తం దించాల్సి వస్తుంది. గేరుపెట్టె పై మూత తీసి, షాఫ్టును లోపల తీగతో ముందుకు కట్టి ఉంచడం పాత మేస్త్రీల పద్ధతి. సుత్తితో కొట్టే మేస్త్రీని వద్దనండి.

యూనిట్ దూర్చాక బోల్టులు బిగించక ముందు చేత్తో షాఫ్టు తిప్పి చూడాలి. పట్టేసినట్టుంటే ఏదో సరిగా కూర్చోలేదు. బోల్టులతో లాగి కూర్చోబెట్టాలని చూస్తే ఒళ్లు పగులుతుంది. సైలెన్సరు పైపు, కింది అడ్డపట్టీ తగలకుండా చూసుకోవాలి. నూనె 90 నంబరు గేరు ఆయిల్. గేరుపెట్టెలో ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి గనుక డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నది అడగండి. మొదటి వారం రోజూ పొద్దున బండి కింద చుక్కలు పడ్డాయా చూడాలి. 500 కిలోమీటర్లకు నూనె దించి, అందులో ఇనుప రజను ఉందేమో అయస్కాంతంతో చూసి కొత్తది పోయాలి.

కర్ర కోసం బండి అడుగు రేకు కోయాల్సి వస్తుంది. అన్న జీపులో ఆ సందులోంచి మొదటి వానకే బురద నీళ్లు వదిన చీర మీదికి చిమ్మాయి. ట్రాక్టరు పాత ట్యూబు ముక్క కోసి, నడుమ కర్ర పట్టేంత చీలిక పెట్టి, చుట్టూ రేకు పట్టీతో నాలుగు స్క్రూలు బిగించాక ఆగింది.